ఇన్వర్టర్ బ్యాటరీతో పవర్ స్టేషన్‌ను చార్జ్ చేయడం: సమగ్ర మార్గదర్శి

పోర్టబుల్ పవర్ స్టేషన్‌ను, అంటే బ్యాటరీ, ఇన్వర్టర్, ప్లగ్గులు ఒకే పెట్టెలో ఉండి మోసుకెళ్లగలిగే పరికరాన్ని, గోడ ప్లగ్గుతోనో సోలార్ ప్యానెల్‌తోనో నింపుకోవడం అందరికీ తెలిసిందే. ఇంట్లో ఇన్వర్టర్‌కున్న 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ, షెడ్డులో ఖాళీగా పడున్న లిథియం బ్యాటరీ, ఆఖరికి కారు బ్యాటరీ నుంచి కూడా నింపుకోవచ్చు. పని కష్టమైనది కాదు. కానీ వోల్టేజ్ చూసుకోకుండా తీగ తగిలిస్తే స్టేషన్ ఇన్‌పుట్ బోర్డు ఒక్క క్షణంలో పోతుంది.

అసలు ఇది మీకు అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. ఇన్వర్టర్ బ్యాటరీ పక్కనే కూర్చుని ఫ్యాను తిప్పుకోవాలంటే ఇన్వర్టర్‌తోనే తిప్పుకోండి. ఒక బ్యాటరీలోంచి ఇంకో బ్యాటరీలోకి కరెంటు ఎక్కించిన ప్రతిసారీ కనీసం పదో వంతు వేడిగా పోతుంది. స్టేషన్‌ను పొలానికో పైఅంతస్తుకో మోసుకెళ్లాలన్నప్పుడు, స్క్వేర్ వేవ్ (చదరపు తరంగం) ఇచ్చే పాత ఇన్వర్టర్‌తో నడపలేని సున్నితమైన పరికరం ఉన్నప్పుడు, ఉన్న బ్యాటరీలతో స్టేషన్ బ్యాకప్‌ను పెంచుకోవాలన్నప్పుడు మాత్రమే ఈ శ్రమకు అర్థముంది.

## ముందు లేబుల్ చదవండి

స్టేషన్ వెనకో పక్కనో డీసీ ఇన్‌పుట్ లేదా సోలార్ ఇన్‌పుట్ దగ్గర మూడు అంకెలుంటాయి: వోల్టేజ్ హద్దులు, గరిష్ఠ ఆంపియర్లు, గరిష్ఠ వాట్లు. పనంతా ఈ మూడింటి మీదే ఆధారపడి ఉంటుంది.

రెండు ఉదాహరణలు తీసుకుందాం. బ్లూయెట్టి ఈబీ3ఏ 268 వాట్ అవర్ల చిన్న స్టేషన్. దాని డీసీ ఇన్‌పుట్ 12–28 వోల్టులు, 8.5 ఆంపియర్లు, 200 వాట్లు. ఎకోఫ్లో డెల్టా 2 సామర్థ్యం 1024 వాట్ అవర్లు. దాని సోలార్ ఇన్‌పుట్ 11–60 వోల్టులు, 15 ఆంపియర్లు, 500 వాట్లు.

200 వాట్లని రాసుంది కదా అని ఈబీ3ఏకు 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే 200 వాట్లు రావు. 12.5 వోల్టులను 8.5 ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది 106 వాట్లే. బ్యాటరీ 100 ఏహెచ్ అయినా 200 ఏహెచ్ అయినా అంతే. బావిలో ఎన్ని నీళ్లున్నా పైపు ఎంతుంటే అంతే వస్తాయి. ఇక్కడ ఆ పైపు స్టేషన్ ఆంపియర్ల హద్దు. వేగం కావాలంటే పెంచాల్సింది వోల్టేజ్. అదే స్టేషన్‌కు 24 వోల్టుల బ్యాటరీ ఇస్తే 25 × 8.5 = 212, అంటే పూర్తి 200 వాట్లు అందుతాయి.

చార్జింగ్‌లో పదిశాతం నష్టం కలుపుకుని లెక్కేస్తే ఈబీ3ఏ 12 వోల్టుల మీద దాదాపు మూడు గంటల్లో, 24 మీద గంటన్నర పైచిలుకులో నిండుతుంది. డెల్టా 2కు 8 ఆంపియర్ల కారు చార్జింగ్ హద్దులో 11 గంటలు పైనే పడుతుంది. 24 వోల్టులు, 15 ఆంపియర్ల మీద మూడు గంటలు చాలు.

## పై హద్దు దాటించే మూడు సందర్భాలు

కింది హద్దు తప్పితే చార్జింగ్ ఆగుతుంది, అంతే. పై హద్దు తప్పితే స్టేషన్ పోతుంది, వారంటీ కూడా రాదు. బ్యాటరీ మీద రాసుండే 12, 24, 48 అంకెలు నామమాత్రమే. మీరు చూడాల్సింది అది నిండుగా ఉన్నప్పుడు, చార్జర్ తగిలి ఉన్నప్పుడు చూపే వోల్టేజ్.

ఒకటి, 24 వోల్టుల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ. చార్జర్ మీద ఉన్నప్పుడు ఇది 29.2 వోల్టుల దాకా వెళ్తుంది. 28 వోల్టుల హద్దున్న స్టేషన్‌కు ఇది ప్రమాదం. చార్జర్ తీసేసి అరగంట ఆగితే 26.8 దగ్గర స్థిరపడుతుంది. మీటర్ పెట్టి చూసి అప్పుడు కలపాలి.

రెండు, రెండు బ్యాటరీల ఇంటి ఇన్వర్టర్. కరెంటు రాగానే ఇన్వర్టర్ వాటిని 28.8 వోల్టులకు, కొన్ని మోడళ్లయితే అంతకన్నా పైకి తీసుకెళ్తుంది. మీరు కరెంటు లేనప్పుడు 25 వోల్టులు చూసి కలిపి ఉంటారు. రాత్రి రెండు గంటలకు కరెంటు వచ్చాక ఏమవుతుందో ఆలోచించండి. 28–30 వోల్టుల హద్దున్న స్టేషన్‌ను ఇన్వర్టర్‌కు తగిలి ఉన్న 24 వోల్టుల జతకు కలపొద్దు. ఇన్వర్టర్ తీగ విప్పాకే కలపండి.

మూడు, ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ. 60 వోల్టులదని రాసున్న ప్యాకు నిండితే 67 దాటుతుంది. 60 వోల్టుల హద్దున్న పెద్ద స్టేషన్‌కైనా ఇది పనికిరాదు. 16 సెల్లుల 48 వోల్టుల లిథియం ఫాస్ఫేట్ ప్యాకు నిండినప్పుడు 58.4 వోల్టులు. డెల్టా 2 హద్దులోనే ఉన్నా మార్జిన్ మరీ తక్కువ, కాబట్టి చార్జర్ తీసి స్థిరపడ్డాకే వాడాలి.

## ఎక్కడ కలపాలి

సోలార్ ఇన్‌పుట్‌కు నేరుగా కలపడమే అన్నిటికన్నా మేలు. లోపలి ఎంపీపీటీ సర్క్యూట్‌కు (సోలార్ నుంచి వీలైనంత ఎక్కువ పవర్ లాగే భాగానికి) ఎదురుగా ఉన్నది ప్యానెలా బ్యాటరీనా అన్న పట్టింపు లేదు. వోల్టేజ్ హద్దుల్లో ఉంటే చాలు, తన ఆంపియర్ల హద్దు దాకా లాగి అక్కడ ఆగుతుంది.

కారు సాకెట్ దారి సులువు, నిదానం. ఫ్యాక్టరీ కేబుల్‌తో 100 వాట్ల దగ్గర ఆగిపోతుంది. ఇంజను నడుస్తుండగానే వాడండి. చిన్న కార్ల బ్యాటరీ 35 ఏహెచ్ దగ్గర ఉంటుంది. ఇంజను ఆపి 8 ఆంపియర్లు రెండు గంటలు లాగితే దాదాపు సగం పోయినట్టే, మళ్లీ స్టార్ట్ అవుతుందన్న హామీ లేదు. ట్రాక్టర్ బ్యాటరీ కాస్త పెద్దదైనా అదీ స్టార్టింగ్ కోసం చేసిందే. లోతుగా ఖాళీ చేస్తే రెండూ తొందరగా పాడవుతాయి.

ఇన్వర్టర్ ఏసీ ప్లగ్గుకు స్టేషన్ వాల్ చార్జర్ పెట్టడం మూడో దారి. కొత్త తీగలేవీ అక్కర్లేదు. కానీ ఇన్వర్టర్‌లో పదీ పన్నెండు శాతం, చార్జర్‌లో ఇంకో పది శాతం పోతుంది. మొత్తం మీద నూటికి ఎనభై దగ్గరే చేరుతుంది. కొన్ని స్టేషన్లు గోడ ప్లగ్గు నుంచి 1000 వాట్లకు పైగా లాగుతాయి. 900 వీఏ ఇన్వర్టర్ వెంటనే ఓవర్‌లోడ్ చూపి ఆగిపోతుంది. యాప్‌లో ఏసీ చార్జింగ్ వేగాన్ని 200 వాట్లకు తగ్గించుకునే వీలుంటేనే ఈ దారి పట్టండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌తో అయితే అసలు వద్దు.

ఎక్స్‌పాన్షన్ బ్యాటరీ పోర్టు (కంపెనీ అమ్మే అదనపు బ్యాటరీని తగిలించే చోటు) జోలికి మాత్రం వెళ్లకండి. అది నేరుగా లోపలి బ్యాటరీ లైను. తయారీదారు బ్యాటరీతో మాట్లాడే డేటా పిన్నులు కూడా అందులోనే ఉంటాయి. బయటి బ్యాటరీని అక్కడ కలిపితే చార్జింగ్‌ను అదుపు చేసేదేదీ మధ్యలో ఉండదు.

## కావలసిన సామాను

12 లేదా 24 వోల్టుల బ్యాటరీ నుంచి సోలార్ ఇన్‌పుట్‌కు, రెండు మీటర్ల దూరానికి:

- 4 స్క్వేర్ ఎంఎం రాగి డీసీ సోలార్ కేబుల్, ఎరుపు 2 మీటర్లు, నలుపు 2 మీటర్లు
- బ్యాటరీ బోల్టుకు సరిపోయే రింగ్ లగ్గులు రెండు, క్రింపింగ్ టూల్
- మందపాటి తీగలున్న బ్లేడ్ ఫ్యూజ్ హోల్డర్. 8–10 ఆంపియర్ల స్టేషన్‌కు 15 ఆంపియర్ల ఫ్యూజు, 15 ఆంపియర్లదానికి 20 ఆంపియర్ల ఫ్యూజు
- 20 ఆంపియర్ల డీసీ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్)
- ఎంసీ4 కనెక్టర్ల (సోలార్ ప్యానెల్ తీగలకుండే ప్లగ్గుల) జత, స్టేషన్‌తో వచ్చిన సోలార్ కేబుల్
- మల్టీమీటర్

ఇంటి బోర్డులో వాడే ఏసీ ఎంసీబీని ఇక్కడ పెట్టొద్దు. ఏసీ సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్ తెరిచినప్పుడు పుట్టే మెరుపు దానంతటదే ఆరుతుంది. డీసీలో ఆ అవకాశం లేదు, మెరుపు నిలిచి లోపలి కాంటాక్టులు కరుగుతాయి. డీసీ ఎంసీబీల మీద ప్లస్, మైనస్ గుర్తులుంటే వాటి ప్రకారమే కలపండి. మామూలు బ్లేడ్ ఫ్యూజు 32 వోల్టుల వరకే. 48 వోల్టుల ప్యాకుకు ఆ వోల్టేజ్‌కు తగిన డీసీ ఫ్యూజు వేరే తెచ్చుకోవాలి.

తీగ మందం దగ్గర పొదుపు చేసేవాళ్లే ఎక్కువ. 1.5 స్క్వేర్ ఎంఎం తీగ 8 ఆంపియర్లకు కాలిపోదు, నిజమే. కానీ మూడు మీటర్ల దూరానికి వెళ్లి రావడానికి ఆరు మీటర్ల తీగ, అందులో 0.6 వోల్టులకు పైనే పడిపోతుంది. 12 వోల్టుల బ్యాటరీకి ఇది చిన్న విషయం కాదు. సగం వాడిన లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.2 వోల్టులుంటే స్టేషన్‌కు చేరేది 11.6. 12 వోల్టుల కింది హద్దున్న స్టేషన్ దాన్ని తిరస్కరిస్తుంది. బ్యాటరీలో ఇంకా చార్జ్ ఉన్నా మీరు వాడుకోలేరు. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే అదే దూరానికి పడిపోయేది 0.24 వోల్టులు.

## కలిపే వరస

1. లెడ్ యాసిడ్ అయితే ముందు డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడండి. చార్జర్ తీసి కొన్ని గంటలు ఆగాక 12.7 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం. లిథియం ఫాస్ఫేట్‌లో నిండుదనం 13.3 దగ్గర ఉంటుంది, చాలాసేపు 13 దగ్గరే కదలకుండా ఉండి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి దాని వోల్టేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. బ్లూటూత్ ఉన్న బీఎంఎస్ (బ్యాటరీ లోపల దాన్ని కాపాడే బోర్డు) ఉంటే అదే చూడండి.

2. లగ్గులు క్రింప్ చేయండి. తర్వాత గట్టిగా లాగి చూడండి, ఊడొచ్చేదైతే ఇప్పుడే రావాలి. ఫ్యూజు హోల్డర్‌ను ప్లస్ తీగలో, బ్యాటరీ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే పెట్టాలి. ఫ్యూజు కాపాడేది తీగను. బ్యాటరీకి, ఫ్యూజుకు మధ్యనున్న ముక్క ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయితే దాన్ని ఆపేదేదీ లేదు, అందుకే ఆ ముక్క చిన్నదిగా ఉండాలి. ఫ్యూజు తర్వాత ఎంసీబీ, ఆ తర్వాత ఎంసీ4.

3. ఎంసీబీ ఆఫ్‌లో ఉంచి, స్టేషన్ పెట్టకుండా, ముందు ప్లస్ తర్వాత మైనస్ బ్యాటరీకి బిగించండి. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. స్పానర్ రెండు టెర్మినళ్ల మధ్య పడితే బ్యాటరీ వందల ఆంపియర్లు వదులుతుంది.

4. స్టేషన్ సోలార్ కేబుల్‌ను ఎంసీ4కు తగిలించి, రెండో చివర గాల్లో ఉంచి ఎంసీబీ ఆన్ చేయండి. ఆ చివరి ప్లగ్గు దగ్గర మల్టీమీటర్ పెట్టండి. ఎర్రది ప్లస్ మీద, నల్లది మైనస్ మీద పెడితే అంకె ముందు మైనస్ గుర్తు రాకూడదు. ఎంసీ4లో మగ, ఆడ ఆకారం చూసి ఏది ప్లస్సో ఊహించకండి, సొంతంగా కేబుల్ చేసినప్పుడు తారుమారయ్యేది అక్కడే. స్టేషన్ వైపు ప్లగ్గు ఎక్స్‌టీ60 రకమైతే ప్లస్, మైనస్ గుర్తులు ప్లగ్గు మీదే ఉంటాయి.

5. ఎంసీబీ ఆఫ్ చేసి, ప్లగ్గును స్టేషన్‌లో పెట్టి, అప్పుడు ఆన్ చేయండి. లైవ్‌లో ప్లగ్గు పెడితే స్టేషన్ లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా నిండి పిన్ను మొన దగ్గర చిటపటలాడుతుంది. నాలుగుసార్లు అలా జరిగితే పిన్ను నల్లబడి, పట్టు వదులై, తర్వాత వేడెక్కడం మొదలవుతుంది.

6. పది నిమిషాలు పక్కనే ఉండండి. తెర మీద వాట్లు స్థిరంగా ఉండాలి. ఫ్యూజు హోల్డర్, లగ్గులు, ప్లగ్గు చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడైతే ఆపేయండి. బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర ఒకసారి, ఎంసీబీ తర్వాత ఒకసారి వోల్టేజ్ కొలవండి. తేడా 0.3 దాటితే ఏదో జాయింటు సరిగ్గా లేదు.

## 24 వోల్టులు ఎలా తేవాలి

రెండు 12 వోల్టుల బ్యాటరీలను సీరీస్‌లో (ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు) కలపడం మొదటి పద్ధతి. ఒకే కంపెనీ, ఒకే సామర్థ్యం, ఒకే వయసు ఉండాలి, కలిపేముందు రెండింటినీ విడివిడిగా పూర్తిగా నింపాలి. పాతదీ కొత్తదీ జతచేస్తే పాతది ముందే అడుగంటుతుంది, కొత్తది కరెంటును దానిగుండా తోస్తూనే ఉంటుంది, పాతది పూర్తిగా పోతుంది. 12 వోల్టుల లిథియం బ్యాటరీలైతే సీరీస్‌లో వాడొచ్చని తయారీదారు రాసి ఉంటేనే కలపండి. లోపలి బీఎంఎస్ ఒకటి ఆగినప్పుడు మొత్తం వోల్టేజ్‌ను తట్టుకునేలా చేసి ఉండకపోవచ్చు.

దీనికి తిరగేసిన తప్పు ఒకటి బాగా కనిపిస్తుంది. ఇంట్లో 24 వోల్టుల ఇన్వర్టర్ ఉంటుంది, స్టేషన్‌కు 12 వోల్టుల కేబుల్ ఉంటుంది. రెండు బ్యాటరీల్లో ఒకదానికి ఆ కేబుల్ తగిలిస్తారు. స్టేషన్ నిండుతుంది, పైకి ఇబ్బందేమీ తెలియదు. కానీ ఒక బ్యాటరీ సగం ఖాళీ, రెండోది నిండుగా. ఇన్వర్టర్ రెండింటినీ కలిపే చార్జ్ చేస్తుంది కాబట్టి నిండుగా ఉన్నది ఉడికి నీళ్లు కోల్పోతుంది, ఖాళీగా ఉన్నది ఎప్పటికీ నిండదు. కొన్ని నెలల్లో జత మొత్తం మార్చాల్సి వస్తుంది.

రెండో పద్ధతి 12 నుంచి 24కు పెంచే బూస్ట్ కన్వర్టర్. ఒకటే బ్యాటరీ ఉన్నవాళ్లకు ఇదే దారి. స్టేషన్‌కు 200 వాట్లు ఇవ్వాలంటే కన్వర్టర్ బ్యాటరీ నుంచి 18 ఆంపియర్లు లాగుతుంది. ఆ వైపు 6 స్క్వేర్ ఎంఎం తీగ, 25 ఆంపియర్ల ఫ్యూజు వేయండి, తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

ఇక్కడ చిక్కంతా ఎంపీపీటీతో. అది ఎంత దొరికితే అంత లాగడానికే పుట్టింది. 24 వోల్టులు, 10 ఆంపియర్ల కన్వర్టర్‌ను 8.5 ఆంపియర్ల స్టేషన్‌కు తగిలిస్తే సమస్య లేదు, స్టేషనే ముందు ఆగుతుంది. అదే కన్వర్టర్‌ను 15 ఆంపియర్ల స్టేషన్‌కు తగిలిస్తే ఓవర్‌లోడై ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. అలాంటప్పుడు కరెంటు హద్దును సెట్ చేసుకునే స్క్రూ ఉన్న కన్వర్టర్ తీసుకుని, దాని గరిష్ఠంలో 70 శాతం దగ్గర పెట్టండి. హద్దు చేరగానే దాని వోల్టేజ్ తగ్గుతుంది. సోలార్ ప్యానెల్ ప్రవర్తించేదీ దాదాపు ఇలాగే కాబట్టి ఎంపీపీటీ ఆ మలుపు దగ్గర హాయిగా కుదురుకుంటుంది. అయితే ఒక్క జాగ్రత్త. మామూలు బూస్ట్ సర్క్యూట్ అవుట్‌పుట్ వోల్టేజ్‌ను ఇన్‌పుట్ కన్నా కిందికి దించలేదు. అవుట్‌పుట్ షార్ట్ అయితే బ్యాటరీ కరెంటు డయోడ్ గుండా నేరుగా పారుతుంది, ఏ స్క్రూ దాన్ని ఆపదు. ఫ్యూజు తప్పనిసరి అనేది అందుకే.

## ఎంత వరకు లాగాలి

150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో లెక్క ప్రకారం 1800 వాట్ అవర్లు. సగానికి ఆపితే 900, అందులో స్టేషన్‌లోకి చేరేది 800 దగ్గర. అంటే 1024 వాట్ అవర్ల స్టేషన్ ఎనభై శాతం కన్నా కాస్త తక్కువ నిండుతుంది. నాలుగేళ్ల బ్యాటరీ అయితే ఇంకా తక్కువే. 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్‌లో 1280 వాట్ అవర్లే ఉన్నా 80–90 శాతం వాడుకోవచ్చు కాబట్టి ఆచరణలో అదే ఎక్కువిస్తుంది.

12 వోల్టులు నేరుగా ఇస్తున్నప్పుడు స్టేషన్ కింది హద్దే బ్యాటరీని కాస్తోకూస్తో కాపాడుతుంది. బూస్ట్ కన్వర్టర్ మధ్యలో ఉంటే ఆ రక్షణ పోతుంది. బ్యాటరీ 10.5కు దిగినా కన్వర్టర్ 24 వోల్టులు ఇస్తూనే ఉంటుంది, స్టేషన్‌కు ఏమీ తెలియదు. అందుకని బ్యాటరీకి, కన్వర్టర్‌కు మధ్య లో వోల్టేజ్ కటాఫ్ మాడ్యూల్ పెట్టండి. లెడ్ యాసిడ్‌కు 11.8, లిథియం ఫాస్ఫేట్‌కు 12 దగ్గర ఆగేలా సెట్ చేస్తే సరిపోతుంది. మాడ్యూల్ రిలే 18 ఆంపియర్లు ఆపకుండా మోయగలదో లేదో కొనేముందే చూడండి.

తుపాను కాలంలో ఈ హద్దును ఇంకా గట్టిగా పాటించాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత విశాఖలో, 2018లో తిత్లీ తర్వాత శ్రీకాకుళం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. ఖాళీ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీని అన్ని రోజులు అలాగే ఉంచితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి పాత సామర్థ్యం తిరిగి రాదు. తుపాను హెచ్చరిక రాగానే స్టేషన్‌ను గోడ ప్లగ్గుతోనే నింపేసి, ఇన్వర్టర్ బ్యాటరీని ఆఖరి నిల్వగా ఉంచుకోవడం మేలు.

## పని చేయనప్పుడు

తెర మీద సున్నా వాట్లు చూపిస్తే ముందు ప్లగ్గు దగ్గర వోల్టేజ్, ప్లస్ మైనస్‌లు మళ్లీ చూడండి. చాలా స్టేషన్లకు రివర్స్ రక్షణ ఉంటుంది, తారుమారైతే ఏమీ జరగనట్టు మౌనంగా ఉంటాయి. అన్నీ సరిగ్గా ఉంటే వేడి చూడండి. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల షెడ్డులో ఉన్న స్టేషన్ చార్జింగ్ తీసుకోకపోవడం లోపం కాదు. సాధారణంగా 40–45 డిగ్రీలు దాటితే అవి చార్జింగ్ ఆపేస్తాయి. రాత్రి చల్లబడ్డాక పెట్టండి.

కొన్ని సెకన్లు ఎక్కి, ఆగి, మళ్లీ ఎక్కుతుంటే అది వోల్టేజ్ పడిపోవడమే. లాగడం మొదలవగానే వోల్టేజ్ కింది హద్దు దాటుతుంది, ఆగగానే మళ్లీ పైకొస్తుంది. తీగ మందం పెంచండి, లగ్గులు శుభ్రం చేసి బిగించండి. అయినా పోకపోతే బ్యాటరీ ఖాళీ అయినట్టు, లేదా ముసలిదైనట్టు.

స్టేషన్ ఆంపియర్ల హద్దు ప్రకారం ఇంకా ఎక్కువ రావాల్సి ఉన్నా 100 వాట్ల దగ్గరే ఆగిపోతే స్టేషన్ మీ బ్యాటరీని కారు సాకెట్ అనుకుంటోంది. యాప్‌లో ఇన్‌పుట్ రకాన్ని సోలార్‌కు మార్చి చూడండి. మూడో సన్నని పిన్ను ఉన్న ఎక్స్‌టీ60 ప్లగ్గులున్న స్టేషన్లకు తయారీదారు సోలార్ కేబులే వాడాలి. ఏ రకం సోర్సో చెప్పేది ఆ పిన్నే.

స్టేషన్ వాట్లు చూపిస్తోంది కానీ శాతం పెరగడం లేదంటే, బయటి బ్యాటరీ చార్జర్ ఆ స్టేషన్ ప్లగ్గులోనే ఉందేమో చూడండి. నవ్వొచ్చే తప్పే, కానీ ఎక్స్‌టెన్షన్ బోర్డుల గందరగోళంలో జరుగుతుంటుంది. కరెంటు గుండ్రంగా తిరిగి ప్రతి చుట్టులోనూ కొంత వేడిగా పోతుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీని, స్టేషన్‌ను ఒకే మూసిన అలమరలో పెట్టకండి. చార్జింగ్‌లో బ్యాటరీ వదిలే హైడ్రోజన్‌కు స్టేషన్ రిలే నిప్పురవ్వ చాలు. మీటరన్నా ఎడం, గాలి ఆడే చోటు ఉండాలి. పని అయ్యాక ఎంసీబీ ఆఫ్ చేసి, స్టేషన్ ప్లగ్గు తీసి, బ్యాటరీని ఆ రోజే తిరిగి చార్జింగ్‌కు పెట్టండి.